రాయి పైకి విసిరిన లెక్క: జవాబు ఎందుకు కలవడం లేదు?

"సూత్రం కరెక్టే సార్, జవాబే రావట్లేదు." ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు హోంవర్కులో సాయం చేసేవాళ్లందరూ వినే మాటే ఇది. వెంటనే సూత్రం మళ్లీ వివరించడం మొదలుపెట్టకండి. ముందు ప్రమాణాలు చూడండి.

జవాబు 3.6 రెట్లో, దాదాపు 13 రెట్లో తేడాగా ఉందా? గంటకు 72 కిలోమీటర్లను మార్చకుండా అలాగే వేసేసి ఉంటారు. 5/18తో గుణిస్తే సెకనుకు 20 మీటర్లు. అర నిమిషం పని. ఇది చూడకుండా అరగంట కొట్టుకునేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

తేడా నూటికి రెండు దగ్గర ఉంటే గురుత్వ త్వరణాన్ని పుస్తకం 9.8గా, పిల్లాడు 10గా తీసుకుని ఉంటారు. వదిలేయండి.

ప్రమాణాలు సరిగ్గానే ఉన్నా జవాబు కలవకపోతే, అసలు దొంగ మైనస్ గుర్తు.

25 మీటర్ల టవర్ మీద నుంచి రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిటారుగా పైకి విసిరారు. నేలకు ఎప్పుడు చేరుతుంది? (త్వరణం 10 అనుకుందాం.) సూత్రం ఎస్ = యుటి + ½ఏటి² (యు తొలి వేగం, ఏ త్వరణం, టి సమయం). పిల్లాడు అందులో వేసి 25 = 20టి − 5టి² అని రాస్తాడు. వర్గమూలం లోపల మైనస్ వస్తుంది, టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఇది అదృష్టం, తప్పు బయటపడింది కదా. రాయి టవర్ పైన 20 మీటర్ల వరకే లేస్తుంది. వాడు రాసిన సమీకరణం మాత్రం 25 మీటర్ల పైకి ఎప్పుడు చేరుతుందని అడుగుతోంది.

అదే టవర్ 15 మీటర్లయితే? ఇదే తప్పు చేసినా 1, 3 అని చక్కటి జవాబులు వస్తాయి. ఒకసారి నేనే 3 సెకన్లకు టిక్కు పెట్టేశాను. మర్నాడు ఆ అమ్మాయి వచ్చి, "సార్, రాయి తిరిగి టవర్ అంచు దగ్గరికి రావడానికే 4 సెకన్లు పడుతుంది కదా, నేలకు మూడింటిలోనే ఎలా చేరింది?" అంది. నా దగ్గర జవాబు లేదు. సరైనది 2 + √7, అంటే సుమారు 4.65 సెకన్లు.

ఈ తప్పుకు మూలం "పైకి వెళ్తే మైనస్, కిందికి వస్తే ప్లస్" అని బట్టీ పట్టించడం. ప్రయాణాన్ని రెండు ముక్కలు చేస్తే అది పనిచేస్తుంది: 25 మీటర్ల టవర్ లెక్కలో పైకి 2 సెకన్లు, అక్కడి నుంచి 45 మీటర్లు కిందికి 3 సెకన్లు, మొత్తం 5. ఒకే సమీకరణంలో పెట్టాలనుకున్నప్పుడే దెబ్బ కొడుతుంది. త్వరణానికి మైనస్ వేస్తారు, టవర్ ఎత్తుకు మాత్రం వేయరు. సూత్రంలో ఎస్ అంటే తిరిగిన దూరం కాదు, స్థానభ్రంశం. బయలుదేరిన చోటు కంటే 25 మీటర్ల కింద ఆగింది కాబట్టి అది −25.

సరిచేయాలంటే పెన్ను పిల్లాడి చేతిలోనే ఉంచండి. ముందు బొమ్మ గీయించి, పక్కన పైకి ఒక బాణం వేయించి, దాని మీద ప్లస్ రాయించండి. తర్వాత యు = +20, ఏ = −10, ఎస్ = −25 అని మూడూ గుర్తులతో సహా విడిగా రాయించండి. అప్పటిదాకా సూత్రం ముట్టుకోనివ్వకండి. టి² − 4టి − 5 = 0 వస్తుంది, జవాబు 5. రెండోది −1, విసరడానికి ముందు సంగతి, కొట్టేయమనండి. బాణం కిందికి వేసినా తప్పులేదు, మధ్యలో మార్చకుండా ఉంటే చాలు.

పైకి పోతున్న బెలూన్ నుంచి రాయి జారవిడిచిన లెక్కయితే యు సున్నా అనుకున్నారేమో చూడండి. బెలూన్ వేగమే రాయి తొలి వేగం.

గాలి నిరోధం, పుస్తకంలో అచ్చుతప్పు లాంటివి ఎప్పుడో గానీ ఉండవు. పిల్లలు మాత్రం అచ్చుతప్పునే మొదట అనుమానిస్తారు.