యాప్రాన్ జేబులో మాత్రలు: ఆసుపత్రి సిబ్బంది సొంత వైద్యం తగ్గించుకునే పద్ధతి

ముందు జేబు ఖాళీ చేయండి. యాప్రాన్ జేబు, హ్యాండ్‌బ్యాగు, డ్యూటీ రూమ్ డ్రాయరు, మూడింట్లో ఉన్న మాత్రలన్నీ బల్ల మీద పోయండి. ఎక్కువగా కనిపించేవి కత్తిరించిన స్ట్రిప్పులే. పేరున్న ముక్క ఎక్కడో పోయింది, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్కతో వెళ్లింది, మిగిలింది వట్టి వెండి రేకు. పేరు, తేదీ రెండూ చదవలేని ముక్కను ఇక వాడొద్దు.

మిగిలినవాటిలో బ్రాండ్ పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. జ్వరానికి పారాసిటమాల్ 650 నాలుగు, ఒళ్లునొప్పులకు ఎసిక్లోఫెనాక్ కాంబినేషన్ రెండు, జలుబు మాత్రలు మూడు వేసుకున్నారనుకోండి. కాంబినేషన్‌లో 325, జలుబు మాత్రలో 500 మి.గ్రా. పారాసిటమాల్ ఉంటే రోజు మొత్తం 4750 మి.గ్రా. అవుతుంది. పెద్దవాళ్లకు గరిష్ఠం 4000. బరువు తక్కువున్నవాళ్లకు, లివర్ సమస్య ఉన్నవాళ్లకు, రోజూ తాగేవాళ్లకు ఇంకా తక్కువ. మూడు రకాలుగా వేసుకోవడం వల్ల హద్దు దాటిన సంగతే తెలియదు. అందుకే ఏది మింగినా పేరు, మి.గ్రా., టైమ్ ఫోన్‌లో రాసుకోండి. పేషెంట్ చార్టు రాసే చేతికి ఇది పెద్ద పని కాదు.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఒకే కుటుంబానికి చెందిన నొప్పి మాత్రలు, ఏ రెండూ కలపకూడదు. పన్నెండు గంటల డ్యూటీలో నీళ్లు సరిగా తాగరు, ఆ స్థితిలో ఇవి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బీపీ మాత్ర వాడేవాళ్లకు ప్రమాదం మరీ ఎక్కువ. వీటితో వేసుకునే గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ కాపాడేది కడుపునే, కిడ్నీని కాదు. మూడు రోజులు దాటి నొప్పి మాత్ర అవసరమైతే డాక్టరుకు చూపించుకుని, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి.

అన్నిటికంటే భయపడాల్సింది దగ్గుకు లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకునే అలవాటుకు. వార్డులో పనిచేసేవాళ్లకు టీబీ సోకే అవకాశం బయటివాళ్లకంటే ఎక్కువ. ఈ మందు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది కాబట్టి దగ్గు తగ్గినట్టే ఉంటుంది, తెమడ పరీక్షలోనూ దొరక్కపోవచ్చు. కొన్ని వారాల తర్వాత జబ్బు మళ్లీ పైకి వస్తుంది, ఈలోగా ఇంట్లో పిల్లలకు అంటుకోవచ్చు. ఆ మందుకు లొంగని టీబీ తయారయ్యే ముప్పూ ఉంది. రెండు వారాలు దగ్గు ఉంటే ముందు తెమడ ఇవ్వండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష ఉచితం. యాంటీబయాటిక్ సంగతి ఆ తర్వాత.

వార్డులో మిగిలిన సెఫ్ట్రియాక్సోన్ (యాంటీబయాటిక్) వయల్‌తో తోటి సిస్టర్ చేత ఇంజెక్షన్ చేయించుకోవడం మానేయండి. అది పేషెంటు మందు. పైగా ఆర్డరు లేదు, రికార్డు లేదు. రియాక్షన్ వస్తే ఏమిచ్చారో చెప్పడానికి కూడా ఆ సిస్టర్ భయపడుతుంది.

సూది గుచ్చుకుంటే దాచిపెట్టి సొంతంగా మాత్రలు వేసుకోవద్దు. సబ్బు నీళ్లతో కడగండి, పిండొద్దు, బ్లీచింగ్ పోయొద్దు. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే మొదటి డోసు రెండు గంటల్లో పడితే మేలు, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. మొదలుపెట్టాక 28 రోజులు పూర్తిచేయాలి.

నైట్ డ్యూటీ తర్వాత నిద్రకు ఆల్‌ప్రజోలాం వారాల తరబడి వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపొద్దు, ఫిట్స్ రావచ్చు. డోసు మెల్లగా తగ్గించడం డాక్టరు చేతిలో జరగాలి. మనసు విప్పి మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

డాక్టరును కారిడార్‌లో ఆపి అడిగితే బీపీ చూడరు, పొట్ట నొక్కరు, రాసిపెట్టరు. మీ పేరు మీద ఓపీ చీటీ తీసుకుని కుర్చీలో కూర్చోండి. మొదటి మాటగా ఇలా చెప్పండి: "సార్, నేనే నాలుగు రోజులుగా ఎసిక్లోఫెనాక్ రోజుకు రెండు, అజిత్రోమైసిన్ 500 మూడు వేసుకున్నా." మొహమాటపడి ఇది దాస్తే, వాటిమీద సరిపడని ఇంకో మందు రాసేస్తారు.