కోరింగ మడల్లో చేపల లెక్క ఎలా రాసుకోవాలి

తాళ్లరేవు దగ్గర పిల్లలకి జువాలజీ చెబుతాను. మడ అడవుల కాలువల్లో ఏ కాలంలో ఏ చేప ఎంత ఉంటుందో చూసే ప్రాజెక్టు అనగానే అందరూ పులస మీద పడతారు. నేను వద్దంటాను. గోదారికి ఎర్రనీరు తగిలాక అది సముద్రం నుంచి ఏటికి ఎదురెక్కుతుంది, అంతే. మడ కాలువల్లో మిగతా ఏడాది ఏం జరుగుతుందో అది చెప్పదు. పండుగప్ప, రొయ్య, మండపీత పట్టుకోండి.

ఒకే కాలువ ఎంచుకుని ఏడాదంతా అక్కడికే వెళ్లండి. వెళ్లే రోజుని తేదీతో కాకుండా తిథితో పెట్టుకోండి. అమావాస్య అమావాస్యకీ పోటు దాదాపు ఒకే వేళకి వస్తుంది. పోటుకి చేపలు మడ వేళ్ల మధ్యకి వెళ్లిపోతాయి, ఆటుకి నీళ్లతో పాటు కాలువలోకి దిగుతాయి. ఒక నెల పోటులో, ఇంకో నెల ఆటులో లెక్క రాస్తే, పోటు, ఆటుల వల్ల వచ్చిన తేడానే రుతువు మార్పు అనుకుంటారు. ఇంట్లో పంచాంగం ఉంటే చాలు.

వల మీరు వేయక్కర్లేదు. అభయారణ్యంలో అనుమతి లేకుండా వేయకూడదు కూడా. ఒడ్డుకొచ్చిన వాళ్లని అడగండి: "బాబాయ్, ఎక్కడ పడ్డాయి? వల ఎంతసేపు ఉంచారు? వల కన్ను (రంధ్రం) ఎంత?" కన్ను చిన్నదైతే చిన్న చేపలు ఎక్కువ కనిపిస్తాయి. అది వల చలవ, కాలం చలవ కాదు.

నీటిలో ఉప్పు చూడటానికి రొయ్యల చెరువు రైతు దగ్గర రిఫ్రాక్టోమీటర్ (ఉప్పు ఎంతుందో చూపే చిన్న పరికరం) అడగండి, చుక్క నీళ్లు చాలు. సముద్రపు నీరు 35 దగ్గర చూపిస్తుంది, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు. జులై, ఆగస్టు వరదల్లో కాలువలో అది బాగా పడిపోతుంది. ఎండాకాలంలో ధవళేశ్వరం ఆనకట్ట దాటి వచ్చే గోదారి నీరు తగ్గి ఉప్పు పైకి ఎగబాకుతుంది. చేపల పేర్ల పక్కన ఈ అంకె లేకపోతే, ఏ చేప ఎందుకు తగ్గిందో తర్వాత ఊహించుకోవడమే.

అన్నిటికంటే ముఖ్యం, కొలత. కిలోలు మాత్రమే రాసుకున్న నోట్‌బుక్ నాకు ఇవ్వొద్దంటాను. పండుగప్ప, టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది ఉప్పునీటిలోనే. వాటి పిల్లలు పోటుతో లోపలికి వచ్చి మడల నీడలో పెరుగుతాయి. గంప బరువు రెండు నెలలూ ఒకటే ఉండొచ్చు, కానీ ఒక నెల వేలెడు పిల్లలు, ఇంకో నెల మూరెడు చేపలు. ముక్కు నుంచి తోక చివరికి స్కేలు పెట్టి ఒక్కొక్క రకంలో ఓ ఇరవై కొలవండి. ఏరుకోకుండా చేతికొచ్చినవి తీయండి, పిల్లలు పెద్దవాటినే తీస్తారు! జన (కడుపులో గుడ్లు) ఉందో లేదో కూడా రాయండి. ఆ రోజు ఏదీ పడకపోతే "పడలేదు" అని రాయండి.

బజారు చూసి లెక్క కట్టొద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకి సముద్రంలో వేట నిషేధం. అప్పుడు చేప తగ్గితే కారణం కాలం కాకపోవచ్చు. ఐసు పెట్టెలో వచ్చినది ఏ ఊరిదో ఎవరికి తెలుసు?

అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే వెళ్లకండి. తుపాను తర్వాతి అమావాస్య లెక్కని ఎర్ర ఇంకుతో వేరుగా రాసి పెట్టండి, సగటులో కలపొద్దు.