మెదడు అలలు చదవడం – 4వ పాఠం: వింత శబ్దానికి లేచే తీటా అల

మెదడు అలలు పట్టే ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టడం, ఎలక్ట్రోడ్ల ఇంపెడెన్స్‌ను (చర్మం దగ్గర కరెంటుకు అడ్డంకిని) 10 కిలో ఓమ్‌ల లోపుకు దించడం గత పాఠంలో అయిపోయింది. అనుకోని చప్పుడు వినగానే పార్కిన్సన్స్ ఉన్నవారి మెదడులో ఏం కదులుతుందో ఇప్పుడు కొలుద్దాం.

మొత్తం 200 శబ్దాలు పెట్టుకోండి. 140 ఒకే రకం మామూలు మోత. 30 అంతకన్నా కాస్త కీచుగా ఉండేవి. ఇవెన్ని వచ్చాయో మనసులో లెక్కపెట్టుకోమని చెప్పాలి. బటన్ నొక్కమనకండి, చేతి కదలిక మందగించడమే ఈ జబ్బు లక్షణం కదా, ఆ గొడవ రికార్డింగ్‌లోకి వస్తుంది. మిగతా 30 వింతవి: కుక్క మొరుగు, గాజు పగిలిన చప్పుడు, హారన్. ఏదీ రెండోసారి రాకూడదు. వింతవి మిగతావాటికన్నా బిగ్గరగా ఉంటే మీరు కొలిచేది ఉలికిపాటునే. శబ్దానికీ శబ్దానికీ 3 నుంచి 3.5 సెకన్ల ఎడం, అదీ మారుతూ ఉండాలి. దాదాపు 11 నిమిషాల పని.

చూడాల్సిన చోటు ఎఫ్‌సీజెడ్ (FCz), అంటే నడినెత్తికి కాస్త ముందున్న ఎలక్ట్రోడ్. ముక్కు మొదలు నుంచి తల వెనక బుడిపె దాకా టేపు పట్టండి. 36 సెంటీమీటర్లు వస్తే, అందులో 40 శాతం, అంటే ముక్కు మొదలు నుంచి 14.4 దగ్గర ఆ బిందువు. శబ్దానికి 1 సెకను ముందు నుంచి 2 సెకన్ల తర్వాత దాకా ముక్క కత్తిరించండి. అంత పొడవెందుకంటే, 2 హెర్ట్జ్ అల ఒక్క చుట్టుకే అర సెకను తింటుంది. మూడు చుట్లయినా లేకపోతే దాని బలం తేలదు.

వింత శబ్దం తర్వాత 200–500 మిల్లీసెకన్ల మధ్య 1–8 హెర్ట్జ్‌లో, అంటే డెల్టా (1–4), తీటా (4–8) అలల్లో, బలం ఎగుస్తుంది. పార్కిన్సన్స్‌లో ఈ ఎగుపు తగ్గుతుంది. ఆలోచన, ఏకాగ్రత దెబ్బతిన్నవారిలో మరీ తగ్గుతుంది. ఇంకో తేడా: ఆరోగ్యవంతుల్లో వింతలు వస్తున్నకొద్దీ స్పందన అలవాటుపడి చల్లబడుతుంది, వీరిలో అలా చల్లబడటం తక్కువ. అందుకే మొదటి 10 వింతల్నీ చివరి 10నీ విడివిడిగా సగటు తీయండి. ఇవన్నీ గుంపు సగటుల సంగతులు. ఒక్క మనిషి గ్రాఫు చూసి జబ్బు తేల్చేయకండి.

అసలు ఉచ్చు వణుకుతో. విశ్రాంతిలో వచ్చే వణుకు 4–6 హెర్ట్జ్, సరిగ్గా తీటా ఇంట్లోనే కాపురం! చెయ్యి వణికితే తల, తీగలు ఊగుతాయి. వణుకు శబ్దంతో తాళం కలపదు కాబట్టి అలల సగటులో చాలావరకు చెరిగిపోతుంది. బలం లెక్కలో మాత్రం చెరగదు. బేస్‌లైన్ (శబ్దానికి ముందు) బలం 4, శబ్దం తర్వాత 8 అనుకోండి: నిష్పత్తి 2, దాని లాగరిథమ్‌కు (బేస్ 10) పది రెట్లు, అంటే 3 డెసిబెల్స్. శబ్దానికి ముందూ తర్వాతా వణుకు 4 చొప్పున కలిపితే 12ను 8తో భాగించాలి: 1.5, అంటే 1.76 డెసిబెల్సే. మెదడు స్పందన ఇసుమంతైనా తగ్గలేదు, గ్రాఫు మాత్రం తగ్గిందంటుంది. ముంజేతికి కదలిక సెన్సార్ కట్టండి. శబ్దానికి ముందే 5 హెర్ట్జ్ దగ్గర సూదిలాంటి శిఖరం కనిపించి, సెన్సార్‌లోనూ అదే ఉంటే, అది వణుకే.

పార్కిన్సన్స్ మందు లెవోడోపా చివరి మోతాదు ఏ గంటకు వేసుకున్నారో రికార్డులో రాయండి. మందు ఆపించాలంటే అది వారి న్యూరాలజిస్టు చెప్పాల్సిన మాట.

అభ్యాసం: పై లెక్కలో వణుకు 4 కాక 12 అయితే ఎన్ని డెసిబెల్స్ వస్తాయి? జవాబు 5వ పాఠం మొదట్లో.