లియోన్‌లో సగం పూట ఖాళీ దొరికితే ఇలా నడవండి

ఫ్రాన్స్‌లోని లియోన్‌కి వెళ్లే మనవాళ్లు చాలామంది పాత ఊరు చూసేసి వచ్చేస్తారు, కానీ నడక ఇష్టమున్నవాళ్లు తెత్ దోర్ పార్కును మాత్రం వదలొద్దు. మెట్రో ఎ లైన్‌లో మసేనా స్టేషన్‌లో దిగితే కాస్త దూరమే. 1857లో తెరిచిన ఈ పార్కు 100 హెక్టార్లకు పైనే ఉంటుంది, మధ్యలో పెద్ద చెరువు, గులాబీ తోటలు, జూ కూడా, టికెట్ ఏమీ లేదు.

అసలు చిట్కా ఏంటంటే, చెరువు చుట్టూ ఒక రౌండ్ వేసి ఆగిపోకండి. రోన్ నది వైపున్న గేటు నుంచి బయటకొచ్చి, నదిని కుడి చేతి వైపు ఉంచుకుని దక్షిణంగా గెర్లాండ్ పార్కు దాకా నడవండి, సుమారు 5 కిలోమీటర్లు, వంతెన దాటే పని లేదు, దారంతా దాదాపు చదునే కాబట్టి అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్లొచ్చు. వాళ్లు అలిసిపోతే మధ్యలో గిలోతియేర్ వంతెన దగ్గర పైకెక్కి మెట్రో పట్టుకోండి. చివరిదాకా వెళ్తే గెర్లాండ్ నుంచి బి లైన్ నేరుగా పార్ దియూ రైల్వే స్టేషన్‌కి తెస్తుంది.

ఈ దిశలోనే నడవమనడానికి కారణం ఉంది, చలికాలం ఉత్తరపు గాలి వీస్తే అది వీపుకి తగులుతుంది, మొహానికి కాదు. సైకిళ్లు మాత్రం జోరుగా వస్తాయి, పిల్లల చెయ్యి వదలకండి.