సైకిలుపై దూరప్రయాణం – ఆరవ పాఠం: బయలుదేరే ముందు వారం పనులు

ఇల్లు వదిలే ముందు ముగించవలసిన చివరి పనులను, అంటే కొనవలసినవాటిని, బిగించవలసినవాటిని, మూసివేయవలసినవాటిని ఏ వరుసలో ముగించాలో ఈ పాఠంలో చెప్పాలనుకున్నాను. అయితే ఐదవ పాఠం చదివి గొలుసు కొలుచుకున్నవారిలో చాలామంది ఒకే ఫిర్యాదు రాశారు. కొత్త గొలుసు వేసిన తర్వాత ఎత్తు ఎక్కుతూ బలంగా తొక్కితే అది పళ్ల మీద నుంచి టక్కున జారుతోందట. పాత గొలుసుతో ఈ బాధ ఎన్నడూ లేదట. వీరిలో ఎక్కువమంది గొలుసు మార్చింది బయలుదేరడానికి ఒకటి రెండు రోజుల ముందు. కాబట్టి ముందుగా దీన్ని తేల్చుకుందాం. ఈ పాఠానికి కావలసిన సూత్రం కూడా ఇందులోనే ఉంది.

గొలుసులో ఒక పిన్ను నడుమ నుంచి పక్క పిన్ను నడుమకు దూరం 12.7 మిల్లీమీటర్లు. ఒక పిన్నును సున్నాగా పెట్టుకుని 24వ పిన్ను వరకు కొలిస్తే కొత్త గొలుసు 304.8 మిల్లీమీటర్లు ఉంటుంది. అదే దూరం 306.3 మిల్లీమీటర్లకు చేరితే అర శాతం అరిగినట్టు, 307.1కి చేరితే ముప్పాతిక శాతం అరిగినట్టు. వెనుక 11 లేదా 12 పళ్లచక్రాలున్న సైకిళ్లకు అర శాతం దగ్గరే గొలుసు మార్చాలని, 10 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాటికి ముప్పాతిక శాతం వరకు ఆగవచ్చని కిందటి పాఠంలో చెప్పుకున్నాం. గొలుసు సాగిందని అందరూ అంటారు కానీ అక్కడ లోహం సాగడం లేదు. పిన్నులు, వాటి చుట్టూ తిరిగే భాగాలు అరగడం వల్ల కీలు కీలుకూ మధ్య దూరం పెరుగుతుంది. దూరం పెరిగిన గొలుసు వెనుక పళ్లను కూడా తన కొలతకు తగ్గట్టే అరగదీసుకుంటుంది. రెండూ కలిసి అరిగాయి కాబట్టి వాటికి ఒకదానితో ఒకటి పేచీ ఉండదు. కొత్త గొలుసు అసలు కొలతతో వచ్చి ఆ పళ్ల మీద కూర్చున్నప్పుడు బరువు పళ్లన్నిటికీ సమంగా పడదు, అందువల్ల బలం పెట్టి తొక్కగానే గొలుసు పంటి వాలు మీదుగా ఎగబాకి అవతలికి దూకుతుంది.

గమనించవలసిన విషయం ఏమిటంటే, మీరు ఎక్కువగా వాడే రెండు మూడు పళ్లచక్రాల మీదే ఇది జరుగుతుంది, అదీ బరువు పడినప్పుడే జరుగుతుంది. ఇంట్లో వెనుక చక్రాన్ని పైకెత్తి పెడలును చేత్తో తిప్పి చూసి, గేర్లన్నీ చక్కగా పడుతున్నాయని తృప్తి పడినవారికి ఈ తప్పు కనిపించే అవకాశమే లేదు. సామాను కట్టి, ఎత్తు ఎక్కే దారిలో, బ్రేకును కొద్దిగా పట్టి ఉంచి, ఒక్కొక్క గేరులో బలంగా తొక్కి చూడాలి. ఆ పరీక్షను సీటు మీద కూర్చునే చేయండి. లేచి నిలబడి తొక్కుతుండగా గొలుసు జారితే మోకాలు నేరుగా హ్యాండిలుకు తగులుతుంది.

గొలుసు జారుతూ ఉండి, ఇంకా పది రోజులు చేతిలో ఉంటే వెనుక పళ్లచక్రాల గుత్తిని, అంటే క్యాసెట్‌ను కూడా మార్చి, మళ్లీ బరువుతో తొక్కి చూసుకోండి. రెండు రోజులే ఉంటే పాత గొలుసునే తిరిగి వేసుకుని బయలుదేరండి. ఇది పుస్తకంలో రాసే సలహా కాకపోవచ్చు. పాత గొలుసు ముందు పళ్లను, వెనుక పళ్లను ఇంకా తినేస్తుంది, తిరిగి వచ్చాక మూడింటినీ మార్చవలసి రావచ్చు. అయినా దారి మధ్యలో జారే కొత్త గొలుసు కన్నా అరిగినా నమ్మకంగా పని చేసే పాత గొలుసే నాకు ఇష్టం. పాత గొలుసును తీసిన వెంటనే పారేయవద్దని చెప్పేది అందుకే. తిరిగి వేసేటప్పుడు కలిపే లింకు సంగతి మరవకండి. 11, 12 పళ్లచక్రాల గొలుసులకు వచ్చే లింకును చాలా కంపెనీలు ఒకసారి మాత్రమే వాడమంటాయి కాబట్టి కొత్తది వేయండి.

ఇప్పుడు సూత్రానికి వద్దాం. చివరి వారం పనులను ముఖ్యమైనవి, కానివి అని విడదీసుకుని లాభం లేదు, ఎందుకంటే జాబితాలో ఉన్నవన్నీ ముఖ్యమైనవిగానే కనిపిస్తాయి. ఒక పనిలో తప్పు జరిగితే అది బయటపడటానికి ఎంత కాలం పడుతుందో దాన్ని బట్టి వరుస పెట్టుకోవాలి. ఎక్కువ కాలం పట్టేవి ముందు, చేసిన క్షణాన్నే తెలిసిపోయేవి చివర. కొత్త గేరు కేబులు వేస్తే మొదటి కొన్ని రోజుల తొక్కుడులో దాని తొడుగు కుదురుకుని బిగువు తగ్గుతుంది, గేర్లు తప్పుగా పడతాయి. సర్దుబాటు మరను అర చుట్టు తిప్పితే సరిపోయే పనే, కానీ బయలుదేరే ఉదయం కేబులు మార్చినవారు ఆ అర చుట్టును సామాను బరువుతో, తెలియని దారిలో వెతుక్కోవాలి. డిస్క్ బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేస్తే, ఓ మోస్తరు వేగం నుంచి నడక వేగం వరకు ఇరవై ముప్పై సార్లు బ్రేకు పట్టి వదిలితే తప్ప అవి పూర్తి పట్టు చూపవు. కొత్త సీటు ఒంటికి పడుతుందో లేదో తెలియడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పనే అక్కరలేదు. శరీరానికి సంబంధించినవీ ఇంతే. ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం అడిగే దేశాలకు వెళ్లేవారు, టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుబాటవుతుందని గుర్తుంచుకోవాలి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలని చాలా దేశాలు పట్టుబడతాయి. ఈ రెండూ చివరి వారం పనులే కావు.

నా సొంత నియమం ఇది: చివరి మూడు రోజులు సైకిలు మీద పానా పెట్టకూడదు. క్యారియర్ బోల్టులు వదులయ్యాయేమో చేత్తో ఊపి చూసి బిగించడం, టైర్లలో గాలి చూడటం, పైన చెప్పినట్టు జారే కొత్త గొలుసు తీసి పాతది వేయడం, ఈ మూడింటికే మినహాయింపు. విమానంలో వెళ్లేవారు సైకిలు విప్పి పెట్టెలో సర్దక తప్పదు కాబట్టి వారికి ఈ నియమం వర్తించదు. ఎడమ పెడలు మర ఎదురు దిశలో తిరుగుతుందని వారు తెలుసుకుంటే చాలు. పవర్ బ్యాంకును చేతి సంచిలోనే ఉంచుకోవాలి. 100 వాట్-అవర్ల వరకు ఇబ్బంది ఉండదు. 20,000 మిల్లీఆంపియర్-అవర్లు అని రాసి ఉన్నది సుమారు 74 వాట్-అవర్లు మాత్రమే.

కొనవలసిన వాటిలో ఎక్కువమందిని ముంచేది, నాకు బాగా చిరాకు తెప్పించేది ట్యూబు. దుకాణానికి వెళ్లి “ఇరవై ఆరు అంగుళాల ట్యూబు” అని అడిగి, ఇచ్చింది తెచ్చుకుని, సంచిలో అడుగున పడేసి, పంక్చరు పడిన రోజున తీసి చూసి నిర్ఘాంతపోయేవారు ఎంతమందో! అంగుళాల లెక్కను నమ్మకండి. 26 అంగుళాలు అని పిలిచే చక్రాల్లో రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం ఒకదానికి 559 మిల్లీమీటర్లు, ఒకదానికి 571, ఒకదానికి 584, మరొకదానికి 590. కొండదారి సైకిలుకు అలవాటైన 26 వేరు, పాతకాలపు సైకిలుకు 26 × 1 3/8 అని రాసే 26 వేరు. ఇంకా విడ్డూరం చూడండి: 28 అంగుళాలు అన్నా, 29 అంగుళాలు అన్నా, 700సీ అన్నా సాధారణంగా అదే 622 మిల్లీమీటర్లు, 27 అంగుళాలు అనే పాత కొలత మాత్రం 630. అంటే 27 అంగుళాల రిమ్ము 29 అంగుళాల రిమ్ము కన్నా పెద్దది! 27.5 అంటే 584, అది రెండింటి కన్నా చిన్నది. ఈ అంకెలు ఒకప్పుడు టైరు బయటి కొలతను సుమారుగా చెప్పేవి. టైర్ల మందం మారిపోయినా పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

దీనికి మందు టైరు పక్క గోడ మీదే ఉంది. 37-622 వంటి రెండు అంకెలు అక్కడ అచ్చు పోసి ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండవది నేను పైన చెప్పిన వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. ఆ అక్షరాలు నలుపు మీద నలుపుగా ఉబ్బి ఉంటాయి కాబట్టి ఎదురుగా చూస్తే కనిపించవు; తడి గుడ్డతో దుమ్ము తుడిచి, టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టుకుంటే నీడలు పడి చదవడానికి వస్తాయి. దాన్ని కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. ట్యూబు పెట్టె మీద 28/37-622 అన్నట్టు ఒక పరిధి ఉంటుంది. మీ మొదటి అంకె ఆ పరిధిలో పడాలి, రెండవ అంకె సరిగ్గా కలవాలి. అయితే ట్యూబు రబ్బరు కాబట్టి 622కు, 630కి మధ్య ఉన్నంత చిన్న తేడాను ఓర్చుకుంటుంది. టైరు ఓర్చుకోదు. ఈ రెండు కొలతల గురించి దుకాణదారు “ఇదీ అదీ ఒకటేనండీ” అని ట్యూబు విషయంలో అంటే నమ్మవచ్చు, టైరు విషయంలో అంటే నమ్మకూడదు.

వ్యాసం కుదిరినంత మాత్రాన పని అయిపోదు, వాల్వు కూడా కుదరాలి. సన్నని ప్రెస్టా వాల్వుకు రిమ్ములో రంధ్రం సుమారు 6.5 మిల్లీమీటర్లు, మోటారు వాహనాలకు ఉండే లావు ష్రేడర్ వాల్వుకు సుమారు 8.5. లావుది సన్న రంధ్రంలో దూరదు. సన్నది లావు రంధ్రంలో దూరుతుంది కానీ అటూ ఇటూ కదులుతూ మొదలు దగ్గర రబ్బరు కోసుకుపోతుంది. దానికి చిన్న రింగు దొరుకుతుంది, అది వేయాలి. రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేయించుకోమని సలహా ఇచ్చేవారుంటారు, వినకండి. రిమ్ము లోతుగా ఉంటే వాల్వు పొడుగును కూడా చూసుకోవాలి, లేకపోతే పంపు మూతికి పట్టు చిక్కదు.

మిగతా విడిభాగాల గురించి క్లుప్తంగా చెబుతాను. వెనుక గేరు మార్చే యంత్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్, ఫ్రేము ఫ్రేముకూ ఆకారం మారుతుంది; మీ ఫ్రేముది దారిలో దొరుకుతుందని అనుకోవద్దు, ఒకటి కొని దగ్గర పెట్టుకోండి. స్పోకులు వెనుక చక్రానికి కుడివైపు ఒక పొడుగు, ఎడమవైపు మరో పొడుగు ఉండటం మామూలే. రెండు రకాలూ తీసుకుని ఫ్రేము వెనుక గొట్టానికి టేపుతో చుట్టి ఉంచండి. ఎక్కువగా తెగేది కుడివైపు స్పోకు, అక్కడికి చేరాలంటే క్యాసెట్ విప్పాలి, కాబట్టి విప్పే పనిముట్టు కూడా ఉండాలి. క్యారియర్‌కు సాధారణంగా వాడే 5 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు అదనంగా ఉంచుకోండి.

ఇంటి పనుల గురించి చెప్పవలసినంత ఏమీ లేదు. కుళాయి, గ్యాసు కట్టేయడం, చెల్లింపులు గడువు దాటకుండా చూడటం, తాళంచెవి నమ్మకస్తులకు ఇవ్వడం అందరికీ తెలిసినవే. ఒక్క హెచ్చరిక చేస్తాను. బ్యాంకు పంపే ఓటీపీ మీ పాత ఫోను నంబరుకే వస్తుంది. వేరే దేశంలో ఆ సిమ్ పని చేయాలంటే రోమింగ్‌ను బయలుదేరక ముందే మొదలుపెట్టించాలి. అక్కడికి చేరాక మొదలుపెట్టించుకోవడానికి కూడా ఓటీపీ అడగవచ్చు. రెండు కార్డులుంటే రెండింటినీ ఒకే సంచిలో పెట్టకండి.

అభ్యాసం కొంచెం కఠినమైనదే. బయలుదేరడానికి కనీసం వారం ముందు, ప్రయాణానికి తీసుకువెళ్లే సామానంతా కట్టి, కనీసం ఒక రాత్రి బయట గడిపి రండి. బయలుదేరేటప్పుడు ఇంట్లోని పెద్ద పంపును, పనిముట్ల పెట్టెను ముట్టుకోకండి. ఆ రాత్రి చీకటి పడ్డాక, తలకు కట్టుకునే దీపపు వెలుతురులో, బాగున్న వెనుక ట్యూబును కావాలనే తీసి, కొత్తగా కొన్నదాన్ని వేసి, చేతిపంపుతోనే పూర్తి గాలి నింపండి. మర్నాడు దారిలో ఎత్తున్న చోట అన్ని గేర్లలోనూ పైన చెప్పిన పరీక్ష చేయండి, మడమ వెనుక సంచికి తగులుతోందేమో చూడండి. ఇంటికి వచ్చాక సంచులు విప్పకుండా, ఏది లేక ఇబ్బంది పడ్డారో, ఏది అసలు బయటికి తీయలేదో రెండు జాబితాలు రాయండి. ఏడవ పాఠంలో సంచుల బరువు ముందుకూ వెనక్కూ పంచడం చెబుతాను. దానికి ఈ రెండు జాబితాలూ కావాలి.