మెమరీ ఫోమ్ పరుపా, టాపరా? ఎలా చూసి కొనాలి?

టాపర్ అంటే ఉన్న పరుపు మీద పరిచే పలచటి మెమరీ ఫోమ్ పొర. ఇక మెమరీ ఫోమ్ పరుపు అని అమ్మేవాటిలో మొత్తం మెమరీ ఫోమే ఉండదు. ఆరంగుళాల పరుపు తీసుకుంటే పైన ఒకటో రెండో అంగుళాలు అది ఉంటుంది, కింద మామూలు పీయూ (పాలీయురేతేన్) ఫోమ్ ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు. ఆరంగుళాలూ మెమరీ ఫోమే అయితే నడుము లోపలికి దిగబడి, పక్కకు తిరగడమే కష్టమవుతుంది. తేడా వచ్చేది ఎక్కడంటే, ఆ పై పొర ఎన్ని అంగుళాలు, ఎంత డెన్సిటీ (చిక్కదనం) అన్నది చెప్పకుండా పరుపు మొత్తం మందం మాత్రమే చెప్పి ధర వేసినప్పుడు. కొనే మనిషి పట్టుకోవాల్సింది ఆ రెండు అంకెలనే.

ఈ ఫోమ్ పుట్టింది 1966లో. నాసా ఏమ్స్ కేంద్రం కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజినీరు విమాన సీట్ల కుషన్లకు దీన్ని తయారుచేశాడు. ప్రకటనల్లో వ్యోమగామి బొమ్మ వేస్తారు గానీ, అసలు సంగతి సీటు మెత్తలది. ఇది ఒంటి వేడికి మెత్తబడి, బరువు పడిన చోట నెమ్మదిగా అణిగి, బరువు తీశాక నెమ్మదిగా లేస్తుంది. దీని మంచీ చెడ్డా రెండూ ఆ గుణంలోంచే వస్తాయి.

1. ముందు ఇప్పుడున్న పరుపును చూడండి

దుప్పటి తీసేసి, పరుపుకు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తిన్నటి కర్ర గానీ అల్యూమినియం బద్ద గానీ పెట్టండి. మధ్యలో కర్రకూ పరుపుకూ నడుమ అంగుళం కన్నా ఎక్కువ సందు కనబడితే ఆ పరుపు కుంగిపోయినట్టే. దాని మీద టాపర్ వేసినా అదే గుంటలోకి దిగుతుంది, డబ్బు దండగ. అలా కాక పరుపు సమంగానే ఉండి, గట్టిగా ఒత్తుకుంటోందనిపిస్తే కొత్త పరుపు అక్కర్లేదు, రెండంగుళాల టాపర్ చాలు. మన ఇళ్లలో కొబ్బరి పీచు పరుపులు చాలావరకు ఈ రెండో రకమే. పీచు గట్టిగా నిలబడుతుంది, పైన మెత్తదనం ఒక్కటే లోటు.

దూది పరుపు మీద మాత్రం టాపర్ వేయకండి. దూది ఉండలు కట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ముందు ఏకించి, మళ్లీ కుట్టించుకోవాలి. నులక మంచం, నవారు మంచం కూడా దీనికి పనికిరావు.

2. మంచం కొలత, పరుపు ఎత్తు

వడ్రంగి చేత చేయించిన పాత టేకు మంచాలు షాపు కొలతలకు సరిపోవాలని లేదు. చట్రం లోపలి వైపు పొడవు, వెడల్పు టేపుతో రెండేసి చోట్ల కొలవండి. మామూలుగా దొరికేవి 72 × 36, 75 × 60, 78 × 72 అంగుళాల లాంటివి. ప్రత్యేకంగా కోయించిన కొలతకు చాలామంది వాపసు ఒప్పుకోరు, ముందే అడగండి.

ఎత్తు సంగతి చాలామంది మరిచిపోతారు. మంచం అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. ఎనిమిదంగుళాల పరుపు మీద రెండంగుళాల టాపర్ వేస్తే ఇంట్లో పెద్దావిడ దిగడానికి ఇబ్బంది పడుతుంది. దుప్పటి కూడా చాలదు: 72 అంగుళాల వెడల్పుకు రెండు పక్కలా పదేసి అంగుళాలు కలిపితే 92. అంటే 90 అంగుళాల దుప్పటి పరుపు కింది అంచు దాకా కూడా రాదు, ఇక కిందికి దోపడం ఎక్కడ?

3. తూకం వేయండి

డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలుందన్న లెక్క. రోజూ పడుకునే మెమరీ ఫోమ్‌కు 50 ఉంటే మంచిది, 40కి తగ్గకూడదు. ఇక్కడొక తికమక ఉంది. షాపువాళ్లు "32 డెన్సిటీ, 40 డెన్సిటీ" అనేది చాలాసార్లు కింద ఉన్న పీయూ ఫోమ్ గురించి. దానికి 32 ఫర్వాలేదు. అదే అంకె మెమరీ ఫోమ్‌కు తక్కువ, త్వరగా పలచబడుతుంది. అందుకే "పై పొర డెన్సిటీ ఎంత?" అని విడిగా అడగాలి. డెన్సిటీ ఎక్కువంటే గట్టిదని కూడా కాదు. అది మన్నికకు గుర్తు, మెత్తదనం వేరే విషయం.

టాపర్ అయితే మాట నమ్మాల్సిన పనే లేదు. పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి 61,000తో భాగించండి, ఘనపు మీటర్లు వస్తాయి. 72 × 36 × 2 టాపర్‌కు అది సుమారు 0.085. అంటే 50 డెన్సిటీ ఫోమ్ అయితే నాలుగుంపావు కిలోలు తూగాలి, 30 అయితే రెండున్నర కిలోలే. 78 × 72 టాపర్ 50 డెన్సిటీలో తొమ్మిది కిలోల పైమాట. ఆన్‌లైన్‌లో వస్తువు బరువు రాసి ఉంటుంది, కవర్ బరువు కొంత తీసేసి లెక్క చూసుకోండి. "హై డెన్సిటీ" అని పెద్దక్షరాల్లో రాసినవి కొన్ని ఈ ఒక్క లెక్కతో తేలిపోతాయి. బరువు పెంచడానికి సుద్ద పొడి లాంటివి కలిపే ఫోమ్ కూడా ఉంటుంది కాబట్టి తూకంతో పాటు తర్వాతి పరీక్ష కూడా చేయాలి.

4. షాపులో చెయ్యి, తర్వాత వీపు

కవర్‌కు జిప్పు ఉంటే తీసి పొరలు చూపించమనండి. అరచేతిని పది సెకన్లు గట్టిగా నొక్కి తీయండి. వేళ్ల అచ్చు కొన్ని సెకన్ల పాటు నిలిచి, మెల్లగా మాయం కావాలి. చెయ్యి తీయగానే ఎగిరి లేస్తే అది మామూలు ఫోమ్. అచ్చు అలాగే ఉండిపోతే అదీ మంచిది కాదు.

తర్వాత చెప్పులు విడిచి, మీరు రోజూ పడుకునే తీరులోనే పదిహేను నిమిషాలు పడుకోండి. సేల్స్‌మన్ చూస్తున్నాడని మొహమాటపడకండి. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు భుజం, తుంటి కాస్త దిగేంత మెత్తదనం కావాలి. బోర్లా పడుకునేవాళ్లకు గట్టిదే నయం, లేకపోతే నడుము వంగుతుంది. అటూ ఇటూ రెండుసార్లు దొర్లి చూడండి, లేవడానికి ఊపు తీసుకోవాల్సి వస్తోందా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది పెద్ద విషయం.

ఇంకో సంగతి. మీరు పడుకున్నది ఏసీ షోరూంలో. అదే ఫోమ్ మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఇంకా మెత్తబడుతుంది, గాలి ఆడక వీపు తడిసిపోతుంది. డిసెంబరులో అరకు చలికి మొదటి పది నిమిషాలు బిగుసుకున్నట్టు ఉంటుంది. జెల్ కలిపిందని ఎక్కువ ధర చెబుతారు. తాకగానే చల్లగా ఉంటుంది, ఒంటి వేడికి కాసేపటికే మామూలైపోతుంది. రాత్రంతా ఫ్యాన్ గాలి మీదే గడిచే ఇంటికి నా సలహా మెమరీ ఫోమ్ కాదు, లేటెక్స్ (రబ్బరు పాల ఫోమ్) పరుపు గానీ, పీచు పరుపు మీద పలచటి దూది బొంత గానీ. తప్పదనుకుంటే అంగుళం టాపర్‌తో ఆగండి.

ఏడాది లోపు పసిబిడ్డను మెమరీ ఫోమ్ మీద పడుకోబెట్టకూడదు. ముఖం కూరుకుపోయి ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. వాళ్లకు గట్టి, సమతలమైన పక్కే కావాలి.

5. కాగితాలు

పదేళ్ల వారంటీ అన్న మాట కన్నా, ఎంత లోతు గుంట పడితే మారుస్తారన్నది చదవండి. అంగుళమా, అంగుళంన్నరా అన్నది అందులో ఉంటుంది. ట్రయల్ కాలం ఉంటే వాపసు తీసుకెళ్లే ఖర్చు ఎవరిదో, మీ ఊరికి వచ్చి తీసుకెళతారో లేదో అడగండి. మరక పడితే వాపసు కుదరదంటారు, కాబట్టి మొదటి రాత్రే ప్రొటెక్టర్ (తడి దిగకుండా పరుపు మీద వేసే కవరు) వేయండి. చప్పుడు చేసే ప్లాస్టిక్ షీటు వద్దు, పైన నూలు ఉన్నది తీసుకోండి.

6. ఇంటికొచ్చాక

చుట్టి గాలి తీసి పంపిన పరుపును వచ్చిన రోజే విప్పండి. గృహప్రవేశం దాకా అలాగే మూల నిలబెడితే సరిగ్గా లేవకపోవచ్చు. విప్పాక పూర్తి మందానికి రావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. కొత్త రసాయనం వాసన ఉంటుంది, కిటికీలు తెరిచి ఉంచితే కొద్ది రోజుల్లో పోతుంది.

దూది పరుపులాగా మేడ మీద ఎండలో మాత్రం వేయకండి. ఎండకు ఈ ఫోమ్ పసుపెక్కి, పొడిబారుతుంది. బదులుగా నెలకోసారి గోడకు నిలబెట్టి, ఫ్యాన్ గాలి తగలనివ్వండి. స్టోరేజీ మంచాల ప్లైవుడ్ మీద, నేల మీద వేసుకునేవాళ్లకు, ముఖ్యంగా కోస్తాలో వానాకాలం, ఇది తప్పనిసరి. లేకపోతే అడుగున బూజు పడుతుంది. నీళ్లు ఒలికితే పొడి తువ్వాలుతో అద్దండి, పిండొద్దు, ఉతకొద్దు. మూణ్నెల్లకోసారి తల వైపును కాళ్ల వైపుకు తిప్పండి. బోర్లా మాత్రం తిరగేయకండి, మెమరీ ఫోమ్ పొర ఉన్నది పైన ఒక్క వైపే.