చలికాలం పొద్దుగాల లేచే పెద్దవాళ్లు పైలం

పత్తి ఏరుడు జోరందుకున్నప్పటి నుంచి సంక్రాంతి దాటేదాకా పాలమూరు, నల్లగొండ ఊళ్లలో చలి గట్టిగానే ఉంటుంది. అచ్చంపేట, అమ్రాబాద్ దిక్కు అడవి పక్క ఊళ్లలో ఇంకా ఎక్కువ. పగలు ఎండ కాస్తుంది కదా అని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ ముసలివాళ్లకు గండమంతా తెల్లవారుజామునే. మనవాళ్లు లేచేది కూడా అప్పుడే.

చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. నిద్ర లేచే వేళకు బీపీ ఎలాగూ పెరిగేదే. అందుకే మెలకువ రాగానే వాకిట్లోకి నడవొద్దు. మంచం మీదే కాసేపు కూర్చుని కాళ్లూ చేతులూ ఆడించి, చెవులకు మఫ్లర్ చుట్టుకుని లేవాలి. యాసంగి నారుమడికి నీళ్లు పెట్టే తాతలు పొద్దెక్కాక పోవచ్చు, నారు ఎటూ పోదు. కార్తీక స్నానానికి బీచుపల్లికో వాడపల్లికో పోయి చీకట్లో కృష్ణలో మునగడం గుండెజబ్బు ఉన్నవాళ్లకు అసలే వద్దు. ఎండ వచ్చాక నెత్తిన నీళ్లు చల్లుకున్నా దేవుడు కాదనడు.

తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. ఈ ఒక్క మాట తప్పకుండా వినండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిమంట బయటే కాచుకోవాలి, కొంగు, పంచె అంటుకోకుండా దూరంగా కూర్చోవాలి. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లకు కాలినా తెలియదు. నీళ్లు కాగబెట్టే హీటర్ రాడ్ ప్లగ్ తీశాకే బకెట్‌లో చెయ్యి పెట్టాలి.

నేల మీద పడుకునేవాళ్లు గొంగడి పైన కప్పుకోవడమే కాదు, కింద కూడా ఒకటి పరుచుకోవాలి. దూప కావడం లేదని నీళ్లు మానేయొద్దు, గోరువెచ్చగా చేసుకుని తాగాలి. మందు తాగితే ఒళ్లు వేడెక్కినట్టు అనిపించేది కాసేపే, నిజానికి ఒంట్లో వేడి బయటికి పోతుంది.

మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్ల బాధ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చలికి ఆ కీళ్లు ఇంకా కదలవు. రాత్రి లేచినప్పుడు పడిపోకుండా మంచం పక్కనే లైటు, చేతికర్ర ఉంచండి. నొప్పి గోలీలు సొంతంగా మింగనివ్వొద్దు, వాటితో బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఫ్లూ, నిమోనియా టీకాల గురించి డాక్టర్‌ను అడగండి.

ఒళ్లు చల్లబడి, వణుకు ఆగిపోయి, మాట తడబడుతూ మత్తుగా ఉంటే ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ (95 ఫారన్‌హీట్) కిందికి పడిపోయి ఉండొచ్చు. తడిబట్టలు మార్చి, గొంగడి కప్పి 108కి ఫోన్ చేయండి. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం కనిపించినా అంతే. పక్షవాతానికి రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి, తెల్లారనిద్దామని ఆగొద్దు.

పనులకు హైదరాబాద్, పుణె, ముంబై పోయిన పిల్లలు రోజూ పొద్దున ఇంటికి ఫోన్ చేయండి. ఎత్తకపోతే వెంటనే పోయి తలుపు కొట్టేందుకు పక్కింటివాళ్ల నంబర్ దగ్గర పెట్టుకోండి.